ఎవరి ఫోల్డర్లో వాళ్ళు

చిట్యాలలోని సోమన్న ఫ్లెక్సీ దుకాణంలో ఒక పొరపాటు జరిగింది. పుట్టినరోజు ఫ్లెక్సీలో సర్పంచ్ ఫొటోకు, చనిపోయినవాళ్ళ ఫొటోకు వేసే దండ పడింది.

"ఇంకోపారి గిట్లయితే దుకాణం మూతే" అని సర్పంచ్ అరిచి వెళ్ళాడు.

"ఫొటోలు పంపే గిరాకోళ్లు ఒకల ఫోల్డర్ల ఒకలు దూరుతున్నరు. అందరికి తాళమెయ్యి బిడ్డా" అన్నాడు సోమన్న, కంప్యూటర్ పని చేసే నవనీతతో.

నవనీత, అందరి ఫోల్డర్లూ ఉండే లినక్స్ సర్వర్ ముందు కూర్చుంది. ఎవరూ తమ ఫోల్డర్ దాటి కాలు బయట పెట్టకుండా కట్టేసింది.

"అయిపోయింది కాకా. ఇగ ఫికర్ లేదు."

సోమన్న సంబరంగా తన కంప్యూటర్ తెరిచాడు. 'సోమన్న' అని ఒక్క ఫోల్డరే కనబడింది. పైకి పోదామంటే పోదు, పక్కకు పోదామంటే పోదు.

"నాకు సుత ఏసినవా?"

"అందరికి అన్నవు గద కాకా!"

"గట్లయితే ఎట్ల బిడ్డా? ఒకల ఫోల్డర్ల మంచి దండ కనవడితే, ఇంకొకల బోసి మెడల ఎట్ల ఏసుడు?"

నవనీత మెల్లగా తల తిప్పి చూసింది.

సోమన్న బుద్ధిగా తన ఫోల్డర్లోనే కూర్చున్నాడు.