పిలుపుల్లేని పేరంటం

అయినా ఇన్ని పండుమిరపకాయలు ఒక్కణ్ణే ఎంతకని దంచను? సాయం పట్టాల్సిన మా అమ్మాయి నాగజ్యోతి వసారాలో దూరంగా కూర్చుంది.

“పచ్చడి నేను ముట్టుకోకూడదు నాన్నా,” అంది, నవ్వాపుకుంటూ.

నా చేతిలో రోకలి ఆగిపోయింది. ఆమధ్య దానికి క్యాన్సర్ ఆపరేషన్లో గర్భసంచి మూతి తీసేసి, సంచిని మాత్రం ఉంచారు. నెలసరి మళ్లీ వస్తే పిల్లల మీద ఆశ పెట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

“కళ్లేంటి నాన్నా అలా?”

“కారం తల్లీ. మన చేలోదే, అయినా మొహమాటం లేదు.”

పిల్ల పెద్దమనిషైనప్పుడు మైకుసెట్టు పెట్టించి ఊరంతా పిలిచాం. ఈసారి చెప్పుకుందామంటే వాళ్లమ్మ లేదు. మగాణ్ణి, అరుగు మీద ఈ మాట ఎవరితో అనను?

చివరికి కొట్టంలోకెళ్లి గేదె చెవిలో, “ఏమేవ్, మా పిల్లకి మళ్లీ...” అన్నానో లేదో, వసారాలోంచి కేక:

“నాన్నా! ఎవరితో మాట్లాడుతున్నావ్?”