అందరికంటే చెడ్డవాడు

"హిట్లరే సార్," అంది జెస్సీ.

జ్ఞానరాజు చేతిలోని కాఫీ గ్లాసు నోటిదాకా పోకుండానే ఆగిపోయింది. హాల్లో అందరి చూపులూ పెళ్లికూతురి మీదికి తిరిగాయి.

ప్రశ్న అడిగింది ఆయనే. కడపలో రెండు ప్రైవేటు స్కూళ్లకు కరస్పాండెంటు. కొడుకు జయకుమార్‌కు పిల్లను చూడటానికి భార్యతో, మధ్యవర్తి యేసుప్రసాద్‌తో కలిసి బద్వేలు వచ్చాడు. ప్రార్థన అయింది, పలకరింపులు అయ్యాయి. పిల్ల జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతుందని వినగానే ఆయనకు హుషారు పుట్టింది. "అయితే చెప్పు పాపా. ప్రపంచంలో ఇంతమంది నియంతలు పుట్టినారు గదా, అందర్లోకీ చెడ్డోడెవరు?" అన్నాడు.

"తప్పు," అన్నాడిప్పుడు, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు. "స్టాలిన్ అని చెప్పాల. చర్చీలు మూయించినాడు. పాస్టర్లను సైబీరియాకు తోలినాడు. విశ్వాసుల ఇంట్లో పుట్టి అది తెలియకపోతే ఎట్లా?"

"తెలుసు సార్. స్టాలిన్ మంచోడని నేను అనలే. పండించినోళ్ల దగ్గర గింజలు లాక్కోని ఉక్రెయిన్‌లో లక్షల మందిని ఆకలికి చంపినాడు. కానీ ఒక జాతినంతా, చంటిపిల్లలతో సహా, చంపేదానికే కార్ఖానాలు కట్టినోడు హిట్లర్."

"నన్నడిగితే ఆ ఇడి అమీనప్పా," యేసుప్రసాద్ నవ్వుతూ మధ్యలో దూరాడు. "మనోళ్లందర్నీ కట్టుబట్టలతో ఉగాండా నుంచి తరిమినాడు. సరేగానీ మామిడిపండ్లు తీసుకోండి. బనగానపల్లెవి, శానా తీపి."

ఎవరూ పళ్లెం వైపు చూడలేదు.

"హిట్లర్ దగ్గర క్రమశిక్షణ ఉండాది పాపా," జ్ఞానరాజు గ్లాసు కింద పెట్టాడు. "రోడ్లేసినాడు. పనిలేనోళ్లకు పని చూపించినాడు. నా స్కూల్లో వరండాలో నేను నడిచొస్తాంటే పిల్లోళ్లు కాదు, టీచర్లే ఊపిరి బిగబడతారు. భయం లేకుంటే ఇల్లయినా నడవదు, దేశమైనా నడవదు."

వంటింటి గుమ్మం దగ్గర నిలబడిన తల్లి వద్దన్నట్టు తల ఊపింది. తండ్రి నెహెమ్యా గొంతు సవరించుకున్నాడు.

"సార్ అనుభవమున్నోళ్లు. ఆయన చెప్పిందే కానీలే పాపా."

ఈ సంబంధం కోసం నాయన ఎండలో ఎన్ని గడపలు తొక్కాడో జెస్సీకి తెలుసు. స్టాలిన్ అని ఒక్క మాట అంటే చాలు, అందరి ముఖాలూ తేటపడతాయి. కానీ ఆ ఒక్క మాట ఈ పూటతో అయిపోదు. రేపు కూరలో ఉప్పు దగ్గర, ఎల్లుండి ఉద్యోగం మానడం దగ్గర మళ్లీ మళ్లీ అనాల్సి వస్తుంది.

ఆమె జయకుమార్ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

అతను ముందు తండ్రి ముఖం చూశాడు. "నాయన శానా చదివినాడు," అన్నాడు.

"మీరు చెప్పండి ఆంటీ," అని జెస్సీ అతని తల్లిని అడిగింది. విశ్వాసమ్మ వచ్చిన దగ్గర నుంచి నోరు విప్పలేదు. కాఫీ ఇవ్వబోతే 'ఆమె తాగదు' అని భర్తే అన్నాడు. ఇప్పుడూ ఆయనే అందుకున్నాడు.

"ఆమెకు ఇయ్యన్నీ ఏం తెలుస్తాయి? నువ్వు చెప్పు. తప్పయిపోయిందని ఒప్పుకుంటాండావా, లేదా?"

"లేదు సార్. నా జవాబు మార్చను."

జ్ఞానరాజు ముఖం ఎర్రబడింది. "అంత పెద్ద జర్మనీలో ఆయనకు ఎదురుగా నిలబడి కాదన్న మొగోడు ఒక్కడుండాడా? ఉంటే చెప్పు!"

"మొగోళ్లూ ఉండారు. ఆడోళ్లూ ఉండారు సార్." జెస్సీ ఆపలేదు. "బెర్లిన్‌లోనే. యూదుల్ని పెండ్లాడిన ఆడోళ్లు. వాళ్ల మొగుళ్లను పట్టుకపోయి ఒక బిల్డింగులో మూసి పెట్టినారు. అది తెలిసి ఒక్కొక్కరే ఆ వీధిలోకి వచ్చి నిలబడినారు. చలికాలం. ఇండ్లకు పోకపోతే కాలుస్తామని పోలీసులు తుపాకులు చూపించినారు. అప్పుడు ఆ ఆడోళ్లు..."

"చాలు!" జ్ఞానరాజు విసురుగా లేచాడు. "పెద్దోళ్లకు ఎదురు చెప్పే పిల్ల మా ఇంటికి పనికిరాదు. లేయండి, పోదాం."

జయకుమార్ లేచాడు. యేసుప్రసాద్ చేతిలోని మామిడి ముక్కను పళ్లెంలో పెట్టేసి లేచాడు. నెహెమ్యా చేతులు జోడించుకుని వాళ్ల వెంట గేటు దాకా పరుగెత్తాడు. "సార్, సార్! చిన్న పిల్ల, తెలియక అనింది."

"తెలిసే చెప్పినా నాయనా," అంది జెస్సీ లోపలి నుంచే.

బయట కారు స్టార్టయింది. జెస్సీ తల దించలేదు. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకుని జెస్సీ గ్లాసులు తీయడానికి వంగింది. అప్పుడు చూసింది, కుర్చీలన్నీ ఖాళీ కాలేదు.

గేటు దగ్గర నుంచి అరుపు వినిపించింది. "విశ్వాసమ్మా! నిన్నే, రా!"

విశ్వాసమ్మ అటు తిరగలేదు. కారు హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఆమె తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా పట్టుకుని బరబరా జెస్సీ ముందుకు జరుపుకుంది.

"ఆయప్పను పోనీ పాపా," అంది. "ఆ ఆడోళ్లు ఇండ్లకు పోయినారా, ఆడనే నిలబడినారా?"