కాలం – పని

మార్చి తొమ్మిది. ఆ సాయంత్రం లెక్కల మాస్టారు తిన్నవి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక అరటిపండు. అవీ ఇంట్లో కాదు, లైబ్రరీ మెట్ల మీద.

ఇంట్లో భోజనాల బల్లకి రెండే కుర్చీలు. ఎదుటి కుర్చీ ఖాళీ అయిన దగ్గర్నుంచి ఆయనకి అక్కడ ముద్ద దిగడం లేదు.

"ఇంటికెళ్లి తినొచ్చుగా, తాతగారూ?"

తలెత్తి చూస్తే, లైబ్రరీలో కొత్తగా చేరిన కుర్రాడు. పాతికేళ్లుంటాయేమో. కుడిచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి ముడుచుకుని ఉంది. ఒక్కో మాటా గొంతు దాటి రావడానికి కొంచెం సమయం తీసుకుంటోంది.

"వెళ్లొచ్చు. తొందరేముంది నాయనా, ఇల్లెక్కడికీ పోదు," అన్నారు మాస్టారు నవ్వుతూ.

కుర్రాడు నవ్వలేదు. ఆ మాటే ఆలోచిస్తున్నట్టు కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోయాడు.

లైబ్రేరియన్ ఆరింటికి తాళంచెవి అతని చేతికిచ్చి వెళ్లిపోయేది. ఆమె అటు వెళ్లగానే అతను గుడ్డ అందుకునేవాడు.

ఎడంచేత్తో ఒక్కో కుర్చీకి వీపు, చేతులు, కాళ్లు తుడిచేవాడు. చివరిదాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మొదటికొచ్చేవాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి పోయేవాళ్లు. మాస్టారు లేవబోతే, తన పని ఇంకా కాలేదని, చదువుకోమని అనేవాడు.

రోజూ పేపరు చదవడానికొచ్చే టైలరు ఓసారి వెళ్తూ వెళ్తూ చెవిలో అన్నాడు.

"మనవాడు చివరి కుర్చీ తుడిచేసరికి మొదటిదానికి చెదలు పట్టేస్తాయి, మాస్టారూ."

మాస్టారు నవ్వారు గానీ, గుండెల్లో రాయి పడింది. మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటారట. ఈ నత్తనడక చూస్తే ఎవరుంచుతారు?

మర్నాడు పేపరు మడిచి పక్కన పెట్టి, ఆయనా ఒక గుడ్డ తీసుకున్నారు.

ముప్పై ఏళ్లు పిల్లలకి కాలం–పని లెక్కలు చెప్పిన మనిషి. ఒకరు గంటలో చేసే పని ఇద్దరు కలిస్తే అరగంటలో అవ్వాలి. ఇక్కడేమో ఇద్దరయ్యాక గంటన్నర పట్టింది.

ఆయన తుడిచిన కుర్చీలన్నీ అతను మళ్లీ తుడిచేవాడు మరి.

"మూలలు వదిలేశారు, తాతగారూ."

"మా ఆవిడా ఇదే మాట అనేది," అన్నారాయన, తనకి తెలియకుండానే.

అలా మొదలయ్యాయి కబుర్లు. ఆవిడ కోపాలు, ఇప్పుడు ఈయన పడే వంట తంటాలు, క్లాసులో గుర్రు పెట్టిన పిల్లలు. కుర్రాడి నవ్వు కూడా ఆలస్యంగానే వచ్చేది. ఆయన ఇంకో సంగతిలో ఉండగా ముందు చెప్పినదానికి పగలబడి నవ్వేవాడు. అది చూసి ఆయనకి నవ్వాగేది కాదు.

అతనూ చెప్పుకొచ్చాడు. ఇంతకుముందు పని అడిగిన చోటల్లా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జాగ్రత్తగా వెళ్లమని పంపేశారట.

"ఇక్కడొక్కచోటే తాతగారూ, నాకెవరూ కుర్చీ వెయ్యలేదు. నన్నే వెయ్యమన్నారు."

ఆ మాట తర్వాత మాస్టారు ఇంకా గట్టిగా తుడిచారు. ఈ ఉద్యోగం పోకూడదు.

ఒకటి మాత్రం ఆయనకి వింతగా ఉండేది. ఎంత తుడిచినా వాళ్ల గుడ్డలు మాసేవి కావు. కుర్రాడిది శుభ్రం పిచ్చి కాబోలనుకున్నారు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం అతను కుర్చీల్ని మూడోసారి కూడా తుడిచాడు.

"రేపట్నుంచి పెద్ద లైబ్రరీకి, తాతగారూ. పర్మినెంటు."

మాస్టారు అతని ఎడంచేతిని రెండు చేతుల్తో పట్టుకుని ఊపేశారు. ఇంటికెళ్లాక మళ్లీ బెంగ పట్టుకుంది. అక్కడ ఆరు హాళ్లట. ఈ నెమ్మది చూసి వారం తిరక్కుండా వెనక్కి పంపేస్తే?

మర్నాటి సాయంత్రం లైబ్రేరియన్ దగ్గరికెళ్లి, ఒక్క ఫోన్ చేసి పెట్టమని అడిగారు. అబ్బాయి బంగారమని, కాస్త నెమ్మదని, వాళ్లు ఓపిక పట్టాలని చెప్పమన్నారు.

ఆమె వింతగా చూసింది.

"నెమ్మదా? ఆ అబ్బాయా? పొద్దున్నే నేను టీ తాగేలోపు హాలంతా అద్దంలా చేసేసేవాడు. ఆ చురుకు చూసే కదా, వాళ్లు ఎగరేసుకుపోయింది."

"పొద్దున్నే తుడిచేస్తే, మరి సాయంత్రం?"

"సాయంత్రం ఏముంది మాస్టారూ? అతని డ్యూటీ ఆరింటితో సరి. అప్పుడే తాళం వేసి వెళ్లిపొమ్మన్నాను. చేరిన వారంలోనే వచ్చి, ఇంకాసేపు తెరిచి ఉంచుకోనా మేడమ్ అని అడిగాడు. ఎందుకయ్యా అంటే..."



"ఎందుకటమ్మా?"

"తాతగారికి ఇంటికెళ్లే తొందర లేదు మేడమ్, అన్నాడు."

మాస్టారు కిటికీ మీద ఆరేసి ఉన్న గుడ్డ తీసుకుని, దగ్గర్లోని కుర్చీ తుడవడం మొదలుపెట్టారు. మూలలతో సహా.

లైబ్రేరియన్ గడియారం వైపు చూడలేదు. ఆయన చివరి కుర్చీదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చేవరకూ గుమ్మంలోనే నిలబడి, ఆయన బయటికొచ్చాక చప్పుడు కాకుండా తలుపు మూసింది.