పక్కింటాయన ఫిర్యాదులు

టైలరమ్మ మిషన్ ముందు కూర్చుందో లేదో, తలుపు చప్పుడైంది.

పక్క గదిలో కొత్తగా దిగిన ముసలాయన.

"అమ్మా... మీ ఎలుక... శబ్దం..."

ఆయన మాటకీ మాటకీ మధ్య ఓ బస్సు వెళ్ళిపోయేంత ఖాళీ ఉంటుంది. టైలరమ్మకి అంత ఓపిక ఎక్కడిది? ఎదుటివాళ్ళు ఒక మాట అనేలోపు పది అనేసి, పదకొండోదానికి దారం ఎక్కించుకునే మనిషి.

"అర్థమైంది బాబాయిగారూ! నిద్ర పట్టట్లేదు, అంతేగా? ఇవాళే పంజరం వెనక వరండాలోకి మార్చేస్తా. మీరు హాయిగా పడుకోండి."

"అది కాదమ్మా... గురగురమని..."

"ఎలుకలన్నాక గురగురలాడక పాటలు పాడతాయా?"

తలుపు వేసేసింది.

ఆవిడ పెంచుకునే ఎలుకలు రెండు. తెల్లది గుండీ, మచ్చలది దారం. నా అన్నవాళ్ళు లేని మనిషి. కుడుతున్నంతసేపూ గుండీ ఆవిడ భుజమెక్కి కూర్చునేది. మంచీ చెడూ అన్నీ దానితోనే చెప్పుకునేది. అది లేకపోతే ఆ ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు.

పంజరం గోడ పక్కనుంచి వరండాలోకి వెళ్ళింది. అక్కడ చలిగాలి.

కొన్నాళ్ళకి మళ్ళీ ముసలాయన.

"శబ్దం... ఆగిందా అమ్మా?"

"వరండాలో పెట్టాక ఇంకెక్కడి శబ్దం?"

ఈ మాటకి సంతోషించాల్సింది పోయి, ఆయన మొహం వాడిపోయింది.

"కింద... రంపపు పొట్టు వేస్తారా? ఆ వాసన..."

"ఓహో, ఇప్పుడు వాసన కూడానా!"

ఆ పూటే పంజరం చుట్టూ ఫినాయిలు పెట్టి తుడిచింది. పైన ఇంత సెంటు కొట్టింది. వడ్రంగి దుకాణం నుంచి కొత్త పొట్టు తెచ్చి మందంగా పరిచింది. గుండీ వరసపెట్టి తుమ్మింది.

"ఆయన పేరెత్తితేనే నీకు తుమ్ములొస్తున్నాయే!" అని నవ్వింది టైలరమ్మ.

ముసలాయన ఇంకోసారి వచ్చాడు.

"ఎలుక కళ్ళ కింద... ఎర్రగా ఏమైనా..."

టైలరమ్మకి ఒళ్ళు మండింది.

"శబ్దం అన్నారు, మార్చాను. వాసన అన్నారు, కడిగాను. ఇప్పుడు కళ్ళ మీద పడ్డారా? నోరులేని జీవాల మీద అలా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారేం? అంత కంటగింపుగా ఉంటే గది ఖాళీ చేసి పొండి!"

ముసలాయన నోరు తెరిచాడు. ఆవిడ అప్పటికే తలుపు మూసేస్తోంది. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే గది ఖాళీ అయింది.

"పీడ విరగడైంది," అంది గుండీతో.

గుండీ తల ఎత్తలేదు. పొద్దున పెట్టిన గింజలు పెట్టినట్టే ఉన్నాయి. బొచ్చంతా నిక్కబొడుచుకుని ఓ మూల ముడుచుకుంది. కళ్ళ కింద ఎర్రగా ఏదో ఎండిపోయి అంటుకుంది. అది నెత్తురనుకుంది టైలరమ్మ. దాన్ని పమిటలో చుట్టుకుని పరిగెత్తింది.

పశువుల డాక్టరు గుండీని చెవికి ఆనించుకుని విన్నాడు. లోపల్నించి నీళ్ళు మరుగుతున్న చప్పుడు.

"ఆ ఎరుపు నెత్తురు కాదమ్మా. ఒంట్లో బాగాలేకపోతే ఎలుకలకి కళ్ళల్లోంచి, ముక్కులోంచి అలాగే కారుతుంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ గురగుర ఎప్పటినుంచి?"

"మా పక్కాయన... చెప్పినప్పటినుంచి..." అంది టైలరమ్మ.

"కింద రంపపు పొట్టు వేస్తున్నారా?"

తల ఊపింది.

"ఇంటినిండా గుడ్డముక్కలు పెట్టుకుని పొట్టు ఎందుకమ్మా? పొట్టు, ఫినాయిలు, చలిగాలి, ఏదీ పడదు వీటికి. శబ్దం మొదలైనప్పుడే తెచ్చుంటే మందుకి నిలబడేది."

గుండీ ఆ సాయంత్రం ఆవిడ అరచేతిలోనే పోయింది. టైలరమ్మ చంటిపిల్లలా ఏడ్చింది.

దారానికీ జబ్బు అంటుకుంది గానీ ముదరలేదు. "శబ్దం ఆగింది కదా అని మందు ఆపెయ్యకండి! నేను చెప్పేదాకా వెయ్యాల్సిందే," అన్నాడు డాక్టరు. ఆవిడ ఒక్క పూట కూడా తప్పలేదు. పొట్టు పారబోసి మెత్తటి గుడ్డముక్కలు పరిచింది. దారం తేరుకుంది.

డాక్టరు అడిగినవన్నీ ముసలాయన ఆవిడ గుమ్మంలో నిలబడి ముందే అడిగాడు. ఎక్కడున్నాడో తెలిస్తే వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపించింది.

ఓ పొద్దున పక్క గది తలుపు తీసి ఉంది. ఓనరమ్మ ఊడుస్తోంది.

"ఆయన ఎక్కడికెళ్ళారు పిన్నిగారూ?"

"చెప్పలేదమ్మాయ్. అసలే మాట తక్కువ మనిషి. అదిగో, అది మాత్రం వదిలేసి పోయాడు."

టైలరమ్మ ఇంటి గోడకి ఆనుకుని ఓ కుర్చీ. దాని పక్కన కడిగి బోర్లించిన చిన్న పంజరం.

"ఆయనకీ ఎలుక ఉండేదా?"

"ఇక్కడికి రాకముందు ఉండేదట. ఆయాసం వచ్చి పోయిందట."

టైలరమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. గోడకి సరిగ్గా అటువైపే ఒకప్పుడు గుండీ ఉండేది.

ఓనరమ్మ చీపురు ఆపకుండానే అంది.

"నేను మొదటిరోజే చెప్పానమ్మాయ్, పక్కావిడ ఎలుకల్ని పెంచుతుంది, నిద్ర ఉండదు, గాలి బాగా వచ్చే వీధివైపు గది తీసుకోండి అని. వద్దు, ఎలుకల పక్క గదే ఇమ్మన్నాడు."