తాళం కుదిరింది

మునిగిపోయిన మా ఆయన పడవ నుంచి జవాబు వస్తుందేమోనని నాకు అన్నిటికంటే భయం. వానాకాలంలో పోయిన ఆయన దొరకలేదు. పడవలోని వైర్‌లెస్ సెట్టు మాత్రం ఎవరి వలకో చిక్కి ఒడ్డుకు చేరింది.

ఆ సెట్టుతో గుప్తంగా మాట్లాడే ప్రోగ్రామ్ రాసింది మా మరిది లోకనాథం. ఈ సాయంత్రం చంటిదాన్నీ సెట్టునీ తీసుకుని హోప్ టౌన్‌లో అతని ఇంటికి వెళ్తే, ఇంకా దాన్నే నడుపుతున్నాడు.

"అవతలోళ్ళు పలికేదాకా ఇది కదల్దొదినా."

"ఆగకుండా నడిచేలా మార్చీ లోకా. జవాబు నేకపోతే నేదని చెప్పి ముందుకెళ్ళిపోతాదన్నావు గదా?"

"రుకో, ఆగొదినా. అలా మారిస్తే, అన్నయ్య పలికే టయానికి మనం ఉండొద్దేటి?"

అప్పుడే కంప్యూటరు తెర మీద తాళం కుదిరినట్టు పడింది, అంటే అవతల సరైన తాళంచెవితో ఎవరో పలికారని. ఆ తాళంచెవి ఉన్నది మా ఆయన సెట్టు ఒక్కదాన్లోనే. బ్యాటరీ కూడా లేని ఆ సెట్టు నా ఒళ్ళో ఉంది.

ప్రోగ్రామ్ అవతలి మాట కోసం ఆగిపోయింది. లోకనాథం కూడా ఆగిపోయాడు. నా చంటిది గుక్కపట్టి ఏడ్చినా తల తిప్పలేదు, రెప్ప వేయలేదు. స్పీకరులోంచి నీళ్ళ చప్పుడు మొదలైంది.

పిల్లనెత్తుకుని ఆఖరి ఫెర్రీలో మిన్నీ బేలోని మా ఇంటికి వచ్చేశాను. అతను ఫోను ఎత్తడం లేదు. హోప్ టౌన్‌లో ఎవరైనా ఉంటే, జెట్టీ వెనక రేకుల ఇంట్లో మా లోకనాథాన్ని ఒకసారి చూసి రండి. ముందు కంప్యూటరు వైరు పీకి, ఆ తర్వాతే అతన్ని పిలవండి.