కుట్టు గది

"మూడు నెలల్లో ఎన్ని జాకెట్లు కుట్టారు?"

"ఒక్కటీ లేదు మేడమ్," అంది కుట్టు నేర్పే మిషనక్క, తడుముకోకుండా.

పక్కనున్న నర్సు చటుక్కున అక్క వైపు తిరిగింది. వరదలో ఇళ్లు పోయినవాళ్లకు ఈ బడిలో శిబిరం పెట్టారు. ప్రశ్న వేసినామె దాన్ని తనిఖీ చేయడానికి వచ్చిన అధికారిణి. డ్రైవరునూ, బంట్రోతునూ గేటు దగ్గరే ఆపేసి ఒక్కతే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆమె ఒక్క ముక్క రాస్తే సాయంత్రానికి ఈ గదికి తాళం పడుతుంది.

"మిషన్లు తుప్పు పడుతున్నాయనీ, ఆడవాళ్లు కబుర్లతో కాలక్షేపం చేస్తున్నారనీ ఉత్తరం వచ్చింది. అసలిక్కడ ఏం జరుగుతోంది?"

మిషనక్క వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"బోర్డు కుట్టుపనిదేనండి. ఆ బీరువా వెనకాల ఇంకో గది ఉంది. శిబిరంలో ఆడమనిషి మీద ఎవడైనా చెయ్యేస్తే, ఆమె డాక్టరు డేరాకి వెళ్లిందంటే చాలు, ఊరంతా కోడై కూస్తుంది. కుట్టు నేర్చుకోడానికి వెళ్తే ఎవడికి పట్టింది? కొలతలు తీసే చోటికి మగాళ్లు తొంగి కూడా చూడరు. ఇక్కడ ఈ అమ్మాయి వైద్యం చేస్తుంది, నేను పక్కన కూర్చుంటాను."

"ఎవరెవరు వచ్చారు? పుస్తకం తియ్యి."

"పుస్తకం లేదండి."

మిషనక్క ఒక రేకుడబ్బా తెచ్చి మూత తీసింది. నిండా అట్టముక్కలు. ఒక్కో దానికి ఒక్కో గుండీ కుట్టి ఉంది.

"వచ్చినామె తనకి నచ్చిన గుండీ తీసుకుంటుంది. దాని జోడు అట్టకి కుట్టి, వైద్యం సంగతులు వెనకాల రాస్తాం. మళ్లీ వచ్చినప్పుడు గుండీ చూపిస్తే చాలు. పేరు మాకూ చెప్పక్కర్లేదు."

అధికారిణి అట్టలను ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది. నర్సు రోజూ చూసే డబ్బాయే, అయినా మళ్లీ దానిలోకి తొంగి చూసింది. తల్లికి కూడా చెప్పుకోలేని మాటను ఇంతమంది ఒక గుండీని నమ్మి చెప్పారు.

"వాళ్లెవరో చెప్పమని నేను ఆర్డరు వేస్తే?"

"చెప్పనండి."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనివ్వండి. చేతిలో కత్తెర ఉంది, ఎక్కడైనా బతుకుతాను. ఈసారి నిజంగానే జాకెట్లు కుడతాను."

అధికారిణి నవ్వలేదు.

"పోలీసులకి చెప్తారా?"

"ఆమె సరేనంటేనే."

"చేసినవాడు పెద్ద హోదాలో ఉంటే? ఆమె మాట ఎవరు నమ్ముతారు?"

"నేను నమ్ముతానండి. కంచే చేను మేస్తే చేనుది తప్పెలా అవుతుంది?"

అక్క ధైర్యానికి నర్సు ఆశ్చర్యపోయింది. పదోతరగతి కూడా దాటని మనిషి, సంతకంతో శిబిరాలనే మూయించగల మనిషి ముందు ఇంత నిబ్బరంగా ఎలా నిలబడగలిగింది! అంతలో ప్రశ్న తనవైపే తిరిగింది.

"మందులెన్నాళ్లలోపు ఇవ్వాలి?"

"ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది మేడమ్. రోగం అంటకుండా ఇచ్చేవి మాత్రం డెబ్బై రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి."

"నిజంగా ఉన్నాయా, లెక్కకేనా?"

నర్సు మందుల పెట్టె తెరిచింది. అధికారిణి మందు సీసా అందుకుని, గడువు తేదీ ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత సంచిలోంచి ఆ ఫిర్యాదు ఉత్తరం తీసి, నిలబడే దాని అడుగున రాసింది: 'శిక్షణ బాగా జరుగుతోంది. కొనసాగించాలి.'

నర్సుకు కళ్లనీళ్లు ఆగలేదు. గది నిలిచింది!

"చల్లగా ఉండండి మేడమ్," అంది మిషనక్క చేతులు జోడించి. "పదండి, గేటుదాకా వస్తాను."

అధికారిణి కదల్లేదు. తలుపుకు గడియ పెట్టింది. బీరువా వెనకాలి గదిలోకి నడిచి, గోడ పట్టుకుని నిలబడి చేతి గడియారం చూసుకుంది.

"నాకింకా తొమ్మిది గంటలే మిగిలాయి," అంది.