అలిగిన ఓటు

"ఏంది కొమురెల్లన్నా, ఇంకా బనీను మీదనే ఉన్నవ్? ఎప్పుడైనా ఓటు లైన్ల ఫస్టు నువ్వే గదా!" గోడ మీదికెల్లి పక్కింటి సుశీలమ్మ అడిగింది. ఆమె ఏలికి సిరా అప్పుడే ఆరింది.

"నేనీసారి ఏస్తలేను."

"అవుతల పార్టీకి ఏస్తవా ఏంది?"

"థూ! పానం పోయినా ఏయ. మనోళ్లకే బుద్ధి రావాలె. గెలిచేదాంక గుడి అన్నరు, గోవు అన్నరు. ఢిల్లీల కుర్సీ దొరికినంక, పొత్తు పార్టీలోళ్లు అలుగుతరంట, జర ఆగుమంటరు! అంతా మెత్తటోళ్లు జేరిన్రు. గా మన గల్లీ లీడర్ మహిపాల్ గాడొకడు. మొన్న మీటింగుల నిలదీస్తే, 'అన్నకు చాయ్ ఇయ్యిండ్రి' అని నవ్విండు. ఇయాల రానీ, కాళ్లు మొక్కినా కదల."

"వస్తరంటవా?"

"రాక యాడికి పోతరు? ఉప్పల్ కాడికెల్లి లాలాపేట్ దాంక జెండా మోసినోన్ని నేను."

సుశీలమ్మ లోపలికి పోయింది. కొమురెల్లి చాయ్ పెట్టిండు. ఇంట్ల ఉండేది ఒక్కడే, పెట్టింది మాత్రం నలుగురికి. కప్పులు కడిగి, వాకిట్ల కుర్సీలేసి కూసున్నడు.

పార్టీ ఆటో వచ్చింది. కొమురెల్లి మొఖం గంటువెట్టుకున్నడు. ఆటో ఎదురింటి ముసలమ్మను ఎక్కించుకొని పోయింది. మల్లొచ్చింది. ఈసారి గల్లీల ఆగనే లేదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఎచ్చబెట్టిండు. మల్ల కట్టింది.

పొద్దు వాలుతుంటే కోపం యాడికో పోయింది. ఒక్కడన్న వచ్చి, "ఏందన్నా, అలిగినవా?" అంటే సాలు అనిపించింది. ఎవ్వరూ రాలే. ఆఖరికి తనే లేచి అంగీ తొడుక్కున్నడు. మెత్తటోళ్లయితేంది, ఎంతైనా మనోళ్లే గదా, ఏద్దాం తియ్ అనుకుంట ఓట్లేసే బడి దిక్కు నడ్సిండు.

బడి బయట టెంటు కిందికెల్లి మహిపాల్ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు. "అయ్యో, నువ్వెందుకొచ్చినవన్నా గింత దూరం?"

కొమురెల్లి ఆ చెయ్యిని ఇంకింత గట్టిగ పట్టుకున్నడు. "ఓటేద్దామని."

మహిపాల్ అటిటు సూసి, చెవుల మెల్లగ జెప్పిండు.

"నువ్వు అలిగినవని మాకు తెల్వదా అన్నా? నిన్నెందుకు సతాయించుడని, పొద్దుగాల్నే నీది మేమే ఏసేసినం."